విశాఖ కొండల కింద ఫాల్ట్ ఉందంటున్నారు, ఫ్లాట్ కొనొచ్చా?

సందేహాల_సూరి
మధురవాడ వైపు కొండవాలులో ఒక ఫ్లాట్ చూశాం. రేటు కుదిరింది, మా ఆవిడకి బాల్కనీ నచ్చింది. అడ్వాన్స్ ఇద్దామనుకునేసరికి మా మేనమామ అడ్డం పడ్డాడు. ఎక్కడో తూర్పు కనుమల మ్యాప్ చూశాట్ట, దాని నిండా ఎర్రగీతలట. "అవన్నీ ఫాల్టులేరా, భూమి చీలిపోయి ఉంది, ఏ రోజైనా కదులుతుంది" అని రోజుకో వాట్సాప్ వీడియో పంపుతున్నాడు. పైగా బిల్డింగ్ వెనక కొండ తొలిచిన చోట చూస్తే నాకూ అనుమానం మొదలైంది. ఒక పక్క రాయి గోటితో గీకితే రాలిపోతోంది, తెల్లమట్టీ ఎర్రమట్టీ చారలు చారలుగా. నాలుగడుగులు పక్కకెళ్తే నల్లటి బండ, సుత్తి దెబ్బకి కూడా లొంగట్లేదు. ఒకే కొండలో ఇదేం వింత? అదేనా ఫాల్ట్? తెలిసినవాళ్లు చెప్పండి. రియల్ ఎస్టేట్ వాళ్లు దయచేసి కాస్త ఆగండి.

బీచ్‌రోడ్_బుజ్జి
ఫాల్టు లేని ఫ్లాటు విశాఖలో ఎవడమ్ముతున్నాడు గురూ.

కంకర_మావయ్య
ఆ నల్లబండ మాకు బాగా తెలుసు. క్రషర్‌కి వెళ్లే సరుకు అదే. మెత్తటిది గ్రావెల్ కింద పోద్ది, లోడు రేటులో నాలుగో వంతు కూడా రాదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి, అందులో వింతేటీ లేదు. క్వారీ లీజు తీసుకునేవాడు ముందు చూసేది అదే, నల్లరాయి ఎంత లోతుకుంది, మధ్యలో మట్టి పట్టీ ఎక్కడ తగుల్తాది అని.

గార్నెట్_గీత
సూరి గారూ, మీరు చూసినది ఫాల్ట్ కాదనే నా నమ్మకం. రెండు రకాల రాళ్లు అవి. మెత్తగా రాలేది ఖొండలైట్. నల్లగా, పగలగొడితే లోపల జిడ్డుగా, కాస్త ఆకుపచ్చగా మెరిసేది చార్నోకైట్. కైలాసగిరి, సింహాచలం కొండల్లో ఖొండలైటే ఎక్కువ.

ఖొండలైట్ ఒకప్పటి సముద్రపు బురద. బంకమన్ను, ఇసుక పొరలు పొరలుగా పేరుకున్నాయి. తర్వాత భూఖండాలు ఢీకొన్నప్పుడు ఆ బురద 25, 30 కిలోమీటర్ల లోతుకి కూరుకుపోయింది. అక్కడ 900 డిగ్రీలు దాటిన వేడి. అనంతగిరి దగ్గర, పాడేరు దగ్గర సఫిరీన్ అనే అరుదైన ఖనిజం క్వార్ట్జ్ పక్కనే దొరుకుతుంది. ఆ జంట ఏర్పడాలంటే అంత వేడి ఉండి తీరాలి. అందుకే మన కొండల గురించి చదవడానికి విదేశాల నుంచి కూడా వస్తుంటారు. ఇదంతా సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం. బంకమన్నులో ఉన్న అల్యూమినియం చాలావరకు గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలుగా మారింది. అందులో ఉన్న జీవపదార్థపు కార్బన్ గ్రాఫైట్ అయింది. ఖొండలైట్‌ని చేత్తో రుద్దితే ఒక్కోసారి పెన్సిల్ మరకలా అంటుకునేది ఆ గ్రాఫైటే.

చార్నోకైట్ కథ వేరు. అది గ్రానైట్ లాంటి రాయి, కానీ నీటి తడి దాదాపు లేని చోట తయారైంది. అందుకే దాన్లో అభ్రకం బదులు హైపర్‌స్థీన్ అనే ఖనిజం ఉంటుంది, రంగూ ముదురుగా ఉంటుంది.

రెండూ ఒకే వేడిలో ఉడికాయి, పైకొచ్చాక వానకి తట్టుకునే తీరులో తేడా. ఖొండలైట్ రేకులు రేకులుగా ఉంటుంది, ఆ రేకుల మధ్యకి నీళ్లు దిగుతాయి. లోపలి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం తెల్లమట్టి అయిపోతుంది, గార్నెట్ తుప్పు పట్టి ఎర్రచారలవుతుంది. చార్నోకైట్‌లో రేకులు తక్కువ, నీళ్లు పగుళ్ల వెంటే దిగాలి. అందుకే అది మట్టి కాకుండా గుండ్రటి బండలుగా మిగులుతుంది.

బీచ్‌రోడ్_బుజ్జి
అంటే మా కైలాసగిరి ఒకప్పుడు బురదా. శివపార్వతుల విగ్రహం దగ్గర ఐస్‌క్రీం తింటూ ఈ మాట ఎవరికైనా చెప్పాలి.

సందేహాల_సూరి
గీత గారూ, చాలా థాంక్స్. రాయి సంగతి అర్థమైంది. మరి మా మావయ్య మ్యాపులో ఎర్రగీతలు? ఆయన ఊరుకోడు.

గార్నెట్_గీత
ఆ గీతల్లో చాలావరకు షియర్ జోన్లు. ఫాల్ట్ అంటే చల్లటి రాయి విరిగి పక్కకి జరగడం. అంత లోతులో, అంత వేడిలో రాయి విరగదు, సాగుతుంది. బెల్లం పాకం వేడిగా ఉన్నప్పుడు తీగలా సాగుతుంది, చల్లారాక లాగితే ఫట్‌మంటుంది చూడండి, అంతే తేడా. అప్పుడు సాగిన చోట రాయి రిబ్బన్లలా, సన్నటి గింజలతో కనిపిస్తుంది, దాన్ని మైలొనైట్ అంటారు. అది జరిగి కోట్ల ఏళ్లయింది, పైన ఉన్న పాతిక కిలోమీటర్ల కొండ అరిగిపోయి ఆ లోపలి భాగం ఇప్పుడు మన కాళ్ల కింద ఉంది. నాగావళి, వంశధార, సీలేరు పేర్లతో మ్యాపులో ఉన్నవన్నీ ఈ బాపతే. గీత ఉన్నంత మాత్రాన అది బతికున్న ఫాల్ట్ అనుకోనక్కర్లేదు.

ఒంగోలు_గిత్త
మేడమ్, "కోట్ల ఏళ్ల కిందటే చచ్చిపోయింది" అని అంత ధీమాగా చెప్పకండి. 1967 మార్చి 27న మా ఒంగోలులో వచ్చింది భూకంపం, 5.4. మా తాతయ్య దాని గురించి చెప్పేవాడు, గోడలు నెర్రెలిచ్చాయని, జనం రోడ్ల మీదే పడుకున్నారని. మాదీ తూర్పు కనుమల బెల్టే కదా? రెండేళ్లకే 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7. మొన్న 2024 డిసెంబర్ 4 పొద్దున్నే ములుగులో 5.3, హైదరాబాద్ దాకా కుర్చీలు ఊగాయి. ఇవన్నీ పాత బెల్టుల్లోనే.

హన్మకొండ_హరి
ములుగుది నాకు బాగా యాదుంది. చాయ్ తాగుతున్న, మా అమ్మ "సిలిండర్ పేలిందా ఏంది" అని ఉరికొచ్చింది.

గార్నెట్_గీత
ఒంగోలు అన్నా, చచ్చిపోయిందని నేను ఎక్కడన్నాను? గీత ఉంటే భయం అక్కర్లేదన్నాను. మీరు చెప్పిన మూడూ ఒకే గాటన కట్టేవి కావు. భద్రాచలం, ములుగు గోదావరి లోయలోవి. అది బొగ్గు పేరుకున్న కాలంలో, అంటే 25 కోట్ల ఏళ్లకి పైమాట, భూమి సాగి కిందికి జారిన పల్లం. సింగరేణి బొగ్గంతా ఆ పల్లంలోదే. దాని రెండంచుల్లో ఉన్నవి అసలైన ఫాల్టులు, చల్లటి రాయి విరిగినవి. తూర్పు కనుమల బెల్టుని అది అడ్డంగా కోసేసింది. గోదావరికి ఉత్తరాన ఉన్న కొండలు 100 కోట్ల ఏళ్లవి. దక్షిణాన కొండపల్లి నుంచి మీ ఒంగోలు దాకా ఉన్నవి అంతకంటే పాతవి, సుమారు 160 కోట్లు. ఒకే బెల్టు అని పేరే గానీ రెండు వేర్వేరు కొండల కథలు పక్కపక్కన చేరాయి.

ఒంగోలు భూకంపం మాత్రం మీరన్నట్టు ఆలోచించాల్సిందే. పాత అతుకులు బలహీనంగా ఉంటాయి, ఇప్పటి ఒత్తిడికి అక్కడ కదలిక రావచ్చు. అందుకే ఒంగోలు, విజయవాడ, భద్రాచలం 2002 నాటి భూకంప జోన్ల మ్యాపులో జోన్ 3లో ఉన్నాయి, అంకె పెరిగితే ప్రమాదం ఎక్కువని. విశాఖ జోన్ 2.

పాత_ఇంజనీరు
జోన్ 2 అని నిశ్చింతగా పడుకోవడానికి లేదు. 1993 సెప్టెంబర్ 30న లాతూరు కదిలినప్పుడు, ఆ ఊరు అప్పటి మ్యాపులో జోన్ 1. అంటే అన్నిటికంటే భద్రమైనది! వేలమంది పోయారు. తర్వాతే 2002లో జోన్ 1 అన్నదాన్నే తీసేశారు. అక్కడ జనాన్ని చంపింది భూమి కదలిక ఒక్కటే కాదు, మట్టి అతుకుతో పేర్చిన రాతి గోడలు. సూరి గారికి నా సలహా: మావయ్య మ్యాప్ పక్కన పెట్టి స్ట్రక్చరల్ డ్రాయింగులు అడగండి. భూకంపాలకి తట్టుకునే కట్టడాల కోడ్ ఐఎస్ 1893 ప్రకారం డిజైన్ చేశారా, పిల్లర్లలో రింగులు ఐఎస్ 13920 ప్రకారం దగ్గరగా వేశారా చూడండి. కింద అంతా కార్ పార్కింగ్, గోడల్లేకుండా ఒట్టి పిల్లర్ల మీద నిలబెట్టి ఉంటే నాకు ఫాల్టు కంటే దాని భయమే ఎక్కువ.

కొండెక్కిన_కోటి
మా అపార్ట్‌మెంట్ కింద మొత్తం పార్కింగే. ఇప్పుడు నిద్ర ఎలా పట్టాలి సార్?

పాత_ఇంజనీరు
డిజైన్ సరిగా ఉంటే పడుతుంది. ముందు డ్రాయింగ్ తెప్పించుకోండి.

అరకు_చిన్నోడు
ఖొండలైట్ పేరు మా కోందు వాళ్ల మీద పెట్టిందే, 1902లో వాకర్ అనే దొర పెట్టాడు. చార్నోకైట్ ఏమో కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి రాయి పేరు. కొండ మాది, రాయికి పేరు మాది, బాక్సైట్ మటుకు ఎవరిదో! 😄

గార్నెట్_గీత
చిన్నోడా, ఆ బాక్సైట్ కూడా ఈ ఖొండలైట్ నుంచి వచ్చిందే. గాలికొండ, చింతపల్లి, జెర్రెల కొండల పైభాగం చదునుగా ఉంటుంది కదా. అక్కడ కోట్ల ఏళ్లుగా వాన సిలికాని కడిగేసి అల్యూమినియాన్ని మిగిల్చింది. ఆ బాక్సైట్ టోపీ వాన నీటిని పట్టి ఉంచుతుంది. కొండ నడుం దగ్గర ఊటలు పుట్టేది దాని వల్లే. టోపీ తీసేస్తే కింద ఊళ్లకి వాగులు ఎండిపోతాయని అక్కడివాళ్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. జియాలజీ లెక్కల్లో కూడా ఆ మాట నిజమే.

ట్రైన్_త్రినాథ్
టాపిక్ ఎటుపోతోందో గానీ, బొర్రా గుహలు కూడా ఇదే రాయా?

గార్నెట్_గీత
కాదు. అది పాలరాయి కుటుంబం. బురదతో పాటు కొన్ని చోట్ల సున్నపు పొరలు కూడా సముద్రం అడుగున పేరుకున్నాయి, అవీ ఉడికి స్ఫటికాల సున్నపురాయి అయ్యాయి. గోస్తని నీళ్లు దాన్ని కరిగించి గుహ చేశాయి. చుట్టూ ఉన్న గట్టి రాయి కరగదు, మధ్యలో ఇది కరుగుతుంది. ఆ గోస్తని నీళ్లే కింద తాటిపూడి రిజర్వాయర్‌లో చేరి విశాఖ కుళాయిల్లోకి వస్తాయి.

ట్రైన్_త్రినాథ్
అక్కడ గైడు 1807లో జియలాజికల్ సర్వే ఆయన విలియం కింగ్ జార్జ్ కనిపెట్టాడని చెప్పాడు.

పాత_ఇంజనీరు
జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పుట్టిందే 1851లో. 1807లో అందులో ఉద్యోగం ఎలా చేశాడో మరి. ఈ ముక్క ఇంటర్నెట్ నిండా ఒకరిని చూసి ఒకరు కాపీ కొట్టారు.

అరకు_చిన్నోడు
ఆవు పడిపోయింది, కాపరి దిగి చూశాడు, లోపల లింగం కనిపించింది అని మా ఊళ్లో చెప్తారు. సర్వే దొరకంటే మా కాపరే ముందు. ఇంకోటి, ఆ బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీదే సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు నడిచింది. 1997లో సుప్రీంకోర్టు తీర్పు. ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీలకి లీజులివ్వకూడదంది. రాయి చదివేవాళ్లు ఆ తీర్పు కూడా చదవాలి.

డాలస్_ఢింభకుడు
విశాఖ వదిలి చాలా కాలమైంది, కానీ ఈ చర్చ చూసి ఆగలేకపోయా. చిన్నప్పుడు భీమిలి బీచ్‌లో ఎర్ర ఇసుక చారలు చూసి ఎవరో రంగు పోశారనుకునేవాళ్లం. అది గార్నెట్ అని కాలేజీలో తెలిసింది. నల్లటిది ఇల్మనైట్. కొండ అరిగి, వాగుల్లో కొట్టుకొచ్చి, అల తేలికైన ఇసుకని లాక్కెళ్లిపోతే బరువైనవి మిగులుతాయట. గీత గారూ, అంటార్కిటికాతో మన కొండలు కలిసి ఉండేవన్నది నిజమేనా, అది కూడా వాట్సాప్ సరుకేనా?

గార్నెట్_గీత
నిజమే. అంటార్కిటికాలో రేనర్ అనే ప్రాంతపు రాళ్లూ, గోదావరికి ఉత్తరాన ఉన్న మన రాళ్లూ ఒకే వయసు, ఒకే తీరు. 100 కోట్ల ఏళ్ల కిందట ఒకే కొండల వరుస. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అది విడిపోయింది, ఆ చీలికే మన తూర్పు తీరం. 2012లో మన వాళ్లు భారతి స్టేషన్ కట్టిన లార్సెమన్ హిల్స్‌లో కూడా గార్నెట్, సిల్లిమనైట్ ఉన్న నైసులు, అంటే చారల రాళ్లు, ఉన్నాయి.

బీచ్‌రోడ్_బుజ్జి
అయితే అక్కడ కూడా ఎవడో ఒకడు సీ వ్యూ ఫ్లాట్ అమ్ముతూనే ఉంటాడు.

బోరు_నాని
ఫాల్టు మాట పక్కన పెట్టండి, నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఖొండలైట్ మీద ఇల్లయితే పైన మట్టి మందంగా ఉంటాది, బావి తవ్వితే నీళ్లు తొందరగా పడతాయి. బోరేస్తే మటుకు ఆ తెల్లమట్టి లోపల కూలిపోద్ది, కేసింగ్ గట్టిరాయి దాకా దింపాల్సిందే. డబ్బులు మిగులుతాయని సగంలో ఆపారంటే బిట్టు ఇరుక్కుపోద్ది. చార్నోకైట్ అయితే కేసింగ్ తక్కువ పట్టుద్ది గానీ, పగులు తగిలితేనే నీళ్లు. లేకపోతే దుమ్మే లేస్తాది. పక్క ప్లాటులో పడ్డాయి కదా మనకీ పడతాయి అనుకుంటే అంతే సంగతులు.

కంకర_మావయ్య
నాని చెప్పింది రైటు. మా క్వారీలో నీళ్లు ఊరేది ఎప్పుడూ ఒకే చీలిక లోంచి. మిగతా బండంతా ఎండు.

బెజవాడ_బాబాయ్
అందరూ భూకంపం భూకంపం అంటున్నారు. మా బెజవాడ కొండలూ ఈ ఖొండలైట్ కుటుంబమే. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో చరియ విరిగి ఇళ్ల మీద పడింది, ప్రాణాలు పోయాయి. 2020 అక్టోబర్‌లో ఇంద్రకీలాద్రి మీద కూడా రాళ్లు జారాయి. అప్పుడు భూమి ఏమీ ఊగలేదు, ఒట్టి వాన. కొండవాలులో ఇల్లు కొనేవాడు అడగాల్సింది ఆ వాన సంగతి.

గార్నెట్_గీత
బాబాయ్ గారూ, నేను రాద్దామనుకున్నది మీరే రాసేశారు. సూరి గారూ, ఇది జాగ్రత్తగా చదవండి. కొండని తొలిచిన గోడ దగ్గర నిలబడి రాతి రేకులు ఎటు వాలి ఉన్నాయో చూడండి. రేకులు కొండ లోపలికి వాలి ఉంటే చాలావరకు నయం. మీ బిల్డింగ్ వైపుకి వాలి ఉంటే, తవ్వకం వాటి కాలు నరికేసిందని అర్థం. పైన రేకు నిలబడటానికి ఆధారం లేదు. తెల్లమట్టి పొర తడిస్తే జారుతుంది, దాని మీదున్న బండలు దానితో పాటు వస్తాయి. గట్టి బండలు మెత్తటి మట్టి మీద కూర్చుని ఉంటే మరీ జాగ్రత్త. వానాకాలం కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం) మీద బండలు పడి అరకు రైళ్లు ఆగిపోయేది కూడా ఎక్కువగా ఇలాగే.

సందేహాల_సూరి
ఇప్పుడే సైటుకి వెళ్లొచ్చా. రేకులు బిల్డింగ్ వైపుకే వాలి ఉన్నాయి, ఫోన్‌తో కోణం చూస్తే సుమారు 50 డిగ్రీలు. రిటైనింగ్ వాల్ ఉంది, కొత్తగా సిమెంట్ పూసి ఉంది. పైన ఒక చోట తడిగా ఉంది. బిల్డర్ని అడిగితే "రాయండీ, రాయి ఎక్కడికి పోతుంది" అన్నాడు.

కంకర_మావయ్య
రాయి ఎక్కడికి పోద్దో మా క్వారీకి రమ్మను, చూపిస్తా.

పాత_ఇంజనీరు
గోడకి వీప్ హోల్స్ ఉన్నాయా? వరుసగా చిన్న పైపులు బయటికి కనిపించాలి. లేకపోతే వెనక నీళ్లు నిండి గోడనే తోసేస్తాయి. ఉన్నా, కొత్త పూతలో మూసేసి ఉండొచ్చు. గోడ వెనక ఫిల్టర్ వేశారా, గోడ పునాది గట్టి రాయిలోకి దింపారా, కొండ పైన వాన నీటిని పక్కకి మళ్లించే కాలువ ఉందా అడగండి. జియోటెక్నికల్ రిపోర్ట్ కాపీ ఇవ్వమనండి. ఇవ్వనంటే అదే సమాధానం.

సందేహాల_సూరి
పైపులు ఒక్కటీ కనిపించలేదు సార్.

కొండెక్కిన_కోటి
అన్నా, బాల్కనీ ఎంత బాగున్నా వదిలెయ్. మా వెనక గోడకి పైపులుంటేనే మొన్న వానకి భయమేసింది.

ఒంగోలు_గిత్త
కొండకి దూరంగా, చదును నేల మీద చూసుకో తమ్ముడూ. చూసేటప్పుడు అక్కడ పాత చెరువు పూడ్చారేమో మాత్రం కనుక్కో. మెత్తటి పూడిక మీద చిన్న ఊపు కూడా పెద్దదవుద్ది.

నర్సీపట్నం_నూకరాజు
ఇంత జియాలజీ మాట్లాడారు, మా ఏజెన్సీ రంగురాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం? వైడూర్యం, అలెగ్జాండ్రైట్ దొరుకుతాయి. ఫాల్టులోంచి పుట్టినవేనా అవి?

గార్నెట్_గీత
ఫాల్టు కాదు నూకరాజు గారూ. ఉడికిన రాళ్ల పగుళ్లలోకి ద్రవం దూరి పెద్ద పెద్ద స్ఫటికాలతో గడ్డకట్టిన పెగ్మటైట్ ఉంటుంది, అక్కడ పుడతాయి క్రైసోబెరిల్ జాతి రాళ్లు. పెగ్మటైట్ తెచ్చిన బెరీలియం, పక్కనున్న ఖొండలైట్‌లోని అల్యూమినియం కలవడం వల్ల. కానీ రాత్రిపూట దొంగచాటుగా తవ్వే గోతులున్నాయే, అవి ఆ మెత్తటి తెల్లమట్టిలోనే. ఎలాంటి ఆధారమూ లేకుండా సొరంగం తీస్తారు. అలా కూలి ప్రాణాలు పోయిన వార్తలు మీకు నాకంటే బాగా తెలుసు.

నర్సీపట్నం_నూకరాజు
తెలుసు మేడమ్. మా ఊరి కుర్రాడే ఒకడు.

ట్రైన్_త్రినాథ్
నాదో చివరి డౌటు. కిరండూల్ ఇనుప ఖనిజం కూడా ఈ కొండల్లోదేనా?

గార్నెట్_గీత
కాదు. కొరాపుట్ దాటాక రైలు ఈ బెల్టుని వదిలి బస్తర్ అనే ఇంకా పాత భూఖండం మీదికి ఎక్కుతుంది. మన ఖొండలైట్, చార్నోకైట్లు పడమరకి తోసుకెళ్లి ఆ పాత గ్రానైట్ అంచు మీదికి ఎక్కి కూర్చున్నాయి. ఆ సరిహద్దు పొడవునా అక్కడక్కడా నెఫెలిన్ సయనైట్ అనే అరుదైన రాయి కనిపిస్తుంది, గోదావరి, శబరి కలిసే కూనవరం దగ్గర కూడా ఉంది. మన బెల్టులో ఏదైనా ఒక గీతని అసలైన గీత అనాలంటే నేను దాన్నే అంటాను. కిరండూల్ దగ్గరి బైలదిల్లా కొండల ఇనుము ఆ గీతకి అవతలిది.

ట్రైన్_త్రినాథ్
అయితే ఈసారి అరకులో దిగకుండా కిరండూల్ దాకా వెళ్తా. రాయి ముక్కలు తెచ్చుకోవచ్చా?

అరకు_చిన్నోడు
బొర్రాలో మటుకు ఒక్క ముక్క ముట్టుకోకు బాబూ. పట్టాల పక్కన కూడా దిగకు. ఘాట్ రోడ్డులో వాహనం పక్కకి ఆపుకునే చోట, చరియ కింద పడి ఉన్న ముక్కలు చాలు. చరియని సుత్తితో కొట్టకు, పైనున్నది నీ నెత్తి మీదకే వస్తాది.